చిన్నప్పుడు కనిపించిన ఆకారం నుంచి పరిశోధన దాకా: మీ మొదటి కేసు మీ జ్ఞాపకమే

సమాధానమంతా మీ ప్రశ్న మీదే నిలబడుతుంది కాబట్టి ముందు దాన్ని క్లుప్తంగా చెప్పుకుంటాను. తొంభైల్లో, మీకు 9 ఏళ్లప్పుడు, వేసవి సెలవుల్లో అమ్మమ్మగారి మండువా ఇంట్లో తెల్లవారుజామున మెలకువ వచ్చింది. మంచం కాళ్ల వైపు తెల్లటి ఆకారం నిలబడి ఉంది. అరుద్దామంటే గొంతు పెగల్లేదు, కాలూ చెయ్యీ కదల్లేదు, గుండెల మీద ఎవరో కూర్చున్నంత బరువు. కాసేపటికి ఏమీ లేదు. పొద్దున పెద్దవాళ్లు ఆ గదిలోనే పోయిన ఒకావిడ పేరు చెప్పి, మీకు తాయెత్తు కట్టించారు. అప్పటి నుంచి ఈ ఆసక్తి మిమ్మల్ని వదల్లేదు. ఇప్పుడు అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే కే2 మీటరు కొన్నారు, ఫోన్లో దెయ్యాల యాప్ ఒకటి వేసుకున్నారు. వచ్చే అమావాస్యకి ముగ్గురు స్నేహితులతో అదే ఇంట్లో ఒక రాత్రి ఉండాలనుకుంటున్నారు. ఎలా మొదలుపెట్టాలని అడిగారు.

ఆ ప్రయాణం వాయిదా వేయండి. మీటరును పెట్టెలోనే ఉండనివ్వండి. ఈ కేసులో అన్నిటికన్నా విలువైన సాక్ష్యం మీ జ్ఞాపకం. ఆ గుమ్మం తొక్కిన క్షణం నుంచీ అది మారడం మొదలవుతుంది. ఇప్పటి గోడ రంగు, ఇప్పటి కిటికీ, స్నేహితుల మాటలు అన్నీ వచ్చి పాత దృశ్యంలో కలిసిపోతాయి. ఒకసారి కలిశాక విడదీయడం ఎవరి తరమూ కాదు.

అందుకని ఈ వారమే, ఇంట్లో ఒంటరిగా కూర్చుని, మూడు రంగుల పెన్నులతో రాయండి. ఆ రాత్రి మీ కళ్లకు కనిపించింది, చెవికి వినిపించింది, ఒంటికి తెలిసింది మాత్రమే నలుపుతో. తర్వాత ఇతరులు చెప్పగా తెలిసింది నీలంతో. మీరు ఊహించి పూరించుకున్నది ఎరుపుతో. ‘ఆకారం’ నలుపు కావచ్చు. ‘ఆడమనిషి’ ఏ రంగు? ‘తెల్లచీర’ ఏ రంగు? ‘నా వైపే చూసింది’ ఏ రంగు? నలుపు నాలుగైదు వాక్యాలకే ఆగిపోతే కంగారు పడకండి, ఆ నాలుగు వాక్యాలే మీ కేసు. తేదీ వేసి సంతకం చేసి కవరులో పెట్టి అంటించండి. మీ బృందంలో ఎవరికీ చూపించొద్దు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, 1995లో ఎలిజబెత్ లాఫ్టస్, జాక్వెలిన్ పిక్రెల్ అనే అమెరికన్ మనస్తత్వ పరిశోధకులు 24 మందికి, చిన్నప్పుడు బజారులో తప్పిపోయారంటూ ఇంట్లోవాళ్ల పేరు మీద ఒక కల్పిత సంఘటన చెప్పారు. దాదాపు నాలుగో వంతు మంది అది కొంతగానో పూర్తిగానో గుర్తుందన్నారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. ఇంట్లో పెద్దవాళ్లు చెప్పిన మాటకు జ్ఞాపకంలో అంత బలం ఉంటుంది. మీ విషయంలోనూ మర్నాడు పొద్దున్నే ఒక పేరు చెప్పారు, తాయెత్తు కట్టారు.

తర్వాత అమ్మమ్మగారితో, ఆ రోజు ఇంట్లో ఉన్న మిగతావాళ్లతో విడివిడిగా మాట్లాడండి. అందరూ ఒకచోట కూర్చుంటే గట్టిగా మాట్లాడేవాళ్ల జ్ఞాపకమే అందరిదీ అవుతుంది. అనుమతి అడిగి రికార్డు చేయండి. ‘తెల్లచీర’ అనే మాట మీ నోటి నుంచి రాకూడదు. ‘ఆ రోజు ఎవరెవరు ఎక్కడ పడుకున్నారు?’, ‘నేను పొద్దున లేచి ఏమన్నాను?’, ‘ఆ ముందు రోజు ఏం చేశాం?’ వంటి ప్రశ్నలు చాలు. జవాబు వచ్చాక పది సెకన్లు ఊరుకోండి, అసలు విషయం చాలాసార్లు ఆ మౌనం తర్వాతే వస్తుంది. పెద్దవాళ్లకు తేదీలు గుర్తుండవు కానీ గుర్తులు ఉంటాయి: ఎవరి పెళ్లి అయిన ఏడు, ఏ తుఫాను తర్వాత, తాయెత్తు కట్టింది ఎవరు. తొంభైల్లో మన ఊళ్లలో తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్న రోజులున్నాయి. మీ సంఘటన ఆ రోజుల్లోదేనా అని మాత్రం తప్పకుండా తేల్చుకోండి. రాత్రి ఆ కబుర్లు విని పడుకున్న పిల్లవాడి కేసు, వినని పిల్లవాడి కేసు ఒకటి కావు.

ఇప్పుడు ఆ రాత్రి సంగతి. మీరు చెప్పిన లక్షణాలు, అంటే పూర్తి మెలకువ, కదల్లేకపోవడం, గుండెల మీద బరువు, గదిలో ఎవరో ఉన్నారన్న గట్టి నమ్మకం, ఉన్నట్టుండి విడిచిపోవడం, వరసగా చూస్తే స్లీప్ పెరాలిసిస్‌కు సరిపోతాయి. కలలు వచ్చే రెమ్ నిద్రలో మెదడు ఒంటి కండరాలను వదులుగా ఉంచేస్తుంది. లేకపోతే కలలో పరిగెత్తినప్పుడల్లా మంచం మీంచి పడతాం. ఒక్కోసారి మనసు ముందు మేలుకుంటుంది, ఆ పట్టు ఇంకా వదలదు. కళ్లు కదులుతాయి, ఊపిరి ఆడుతుంది, మిగతా ఒళ్లు కదలదు. కొన్ని సెకన్ల నుంచి ఒకటి రెండు నిమిషాలుంటుంది. రెమ్ నిద్ర రాత్రి చివరి భాగంలో ఎక్కువ, అందుకే తెల్లవారుజామున. వెల్లకిలా పడుకున్నా, నిద్ర తక్కువైనా, పడుకునే వేళలు మారినా వచ్చే అవకాశం పెరుగుతుంది. సెలవులు, కొత్త చోటు, రాత్రి పొద్దుపోయేదాకా కబుర్లు, మధ్యాహ్నం కునుకు: మీ వేసవి ఇలాగే గడిచిందేమో అడిగి తెలుసుకోండి. 2011లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, జీవితంలో ఒక్కసారైనా ఇది అనుభవించినవాళ్లు దాదాపు 8 శాతం, విద్యార్థుల్లో 28 శాతం దాకా. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో దీన్ని ముసలి మంత్రగత్తె పని అన్నారు, జపాన్‌లో కనషిబారి అంటారు, మన దగ్గర గుండెల మీద దెయ్యం కూర్చుందంటాం.

దీనర్థం మీరు ఏదో ఊహించుకున్నారని కాదు. మీకు కలిగిన అనుభవం నిజం, ఆ భయం నిజం. అది ఎక్కడ పుట్టిందన్నదే ప్రశ్న. ఇప్పటికీ తరచూ ఇలా అవుతూ, పగలు ఆపుకోలేని నిద్ర వస్తూ, గట్టిగా నవ్వినప్పుడు మోకాళ్లు సడలిపోతుంటే మాత్రం న్యూరాలజిస్టును కలవండి, అది నార్కోలెప్సీ అనే నిద్ర జబ్బు కావచ్చు.

తెల్లటి ఆకారం మిగిలింది. దాన్ని అమ్మమ్మగారింట్లోనే, పగలు మొదలుపెట్టి తేల్చాలి. మంచం అప్పుడున్న చోటే వేయండి. దిండు మీద, తల ఉండే ఎత్తులో ఫోను పెట్టి కాళ్ల వైపు ఫొటోలు తీయండి. ఆ చూపుకు ఎదురుగా ఏముంది? దండెం ఉండేదా, దాని మీద పంచె ఆరేసి ఉండేదా? కిటికీ ఏ దిక్కు? వేసవి కాబట్టి కిటికీలు తెరిచే ఉంటాయి. తేదీ ఒకటి రెండు రోజుల అటూ ఇటూగానైనా దొరికితే ఆ ఏటి పంచాంగం తీసి తిథి చూడండి. కృష్ణపక్షం అష్టమి ప్రాంతమైతే చంద్రుడు అర్ధరాత్రి దాటాక ఉదయిస్తాడు. అంటే మీరు పడుకునేటప్పుడు చీకటిగా ఉన్న గదిలోకి మూడింటికి తూర్పు కిటికీ నుంచి కొత్తగా వెన్నెల పడుతుంది. శుక్లపక్షం మొదటి రోజులైతే ఆ వేళకి చంద్రుడే ఉండడు, ఈ వివరణ కొట్టేయవచ్చు. మండువా ఇంట్లో మధ్యనున్న ఖాళీలోంచి వెలుతురు ఎక్కడెక్కడ పడుతుందో అదే తిథి రాత్రి కూర్చుని గంటకోసారి ఫొటో తీస్తే తెలిసిపోతుంది. మీరు రాత్రి ఉండాల్సింది అమావాస్యకి కాదు, అసలు తిథికి. అదీ వేసవిలో.

ఇక మీటరు. కే2 చెడ్డ పరికరం కాదు, దాన్ని వాడే తీరే చెడ్డది. అది కొలిచేది మారుతున్న అయస్కాంత క్షేత్రాన్ని, ముఖ్యంగా మన ఇళ్లలోని 50 హెర్ట్జ్ కరెంటు వల్ల పుట్టేదాన్ని. అయిదు లైట్లలో మొదటిది ఆన్ అయిందని చెప్పేదే, మిగతావి సుమారు 1.5, 2.5, 10, 20 మిల్లీగాస్‌ల దగ్గర వెలుగుతాయి. ఒకే దిశలో కొలుస్తుంది కాబట్టి ఒకే చోట మూడు దిక్కులకూ తిప్పి చూడాలి. చేత్తో పట్టుకుని తిరిగితే మణికట్టు కదిలినప్పుడల్లా రీడింగు మారి ‘ఎవరో వచ్చారు’ అనిపిస్తుంది. స్టూలు మీద పెట్టి చేయి తీసేయండి. నొక్కి పట్టుకోవాల్సిన బటన్ ఉన్న పాత రకమైతే, పట్టు కాస్త సడలినా లైట్లు మిణుకుమంటాయి. అందరి ఫోన్లూ ఫ్లైట్ మోడ్‌లో, మీటరుకు దూరంగా వేరే గదిలో ఉండాలి. సిగ్నల్ వెతుక్కునే ఫోను ఒక్కటి చాలు, ఎర్ర లైటు దాకా వెలిగించడానికి.

పద్ధతి ఇది. నేల మీద సుద్దముక్కతో మీటరు పొడవుకో గడి చొప్పున గీసి నంబర్లు వేయండి. ప్రతి గడిలో నేల మీద, మంచం ఎత్తులో, నిలబడ్డ మనిషి తల ఎత్తులో కొలవండి. మొదట అన్నీ ఆన్ చేసి, తర్వాత మెయిన్ ఆపేసి. రెండింటి మధ్య తేడా అంతా ఇంటి వైరింగుదే. మెయిన్ ఆపినా మిగిలిందంటే పక్కింటి లైనో, వీధి తీగలో, ఇన్వర్టరో. పాత ఇళ్లలో ప్రత్యేకంగా చూడాల్సింది మెట్ల దగ్గరి టూ-వే స్విచ్చి. ఫేజు ఒక దారిన, న్యూట్రల్ ఇంకో దారిన పోతే రెండు తీగల క్షేత్రాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకోవు. గది మొత్తం ఒక పెద్ద తీగచుట్టలా మారి, దగ్గర్లో ఏ వస్తువూ లేని చోట కూడా మీటరు వెలుగుతుంది. ఎవరైనా వరండాలో లైటు వేసినప్పుడే వెలిగి ఆర్పగానే ఆరుతుంటే కారణం దొరికినట్టే.

ఫోన్లోని యాప్ తీసేయండి. మాటలు పలికే యాప్‌లు తమలో ఉన్న పదాల పట్టీలోంచి ఏరి చూపిస్తాయి. అయస్కాంత సెన్సారు వాడేవైతే భూమి అయస్కాంతత్వాన్నే చూపిస్తాయి, మన ప్రాంతంలో 40 మైక్రోటెస్లాలకు కాస్త అటూ ఇటూ. ఇనుప ఊచల కిటికీ దగ్గరికి వెళ్తే అంకె ఎగిరి పడుతుంది, అంతే.

పరికరాలన్నిటిలో నేర్చుకోదగ్గది శబ్దం రికార్డింగు, ఎక్కువమంది మోసపోయేదీ అక్కడే. 1959లో స్వీడన్‌లో ఫ్రెడరిక్ యూర్గెన్సన్ పక్షుల కూతలు రికార్డు చేస్తుంటే మనుషుల గొంతులు వినిపించాయన్న దగ్గర మొదలైంది, దెయ్యాల గొంతులు రికార్డు చేయాలనే ఈ దారి. మీకు కావాల్సినవి రెండు మామూలు రికార్డర్లు, 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలు. స్టీరియోలో గంటకు దాదాపు 600 ఎంబీ పడుతుంది, కార్డు అందుకు తగ్గది పెట్టుకోండి. ఒకటి గదిలో, ఒకటి ఇంటి బయట, మడతపెట్టిన తువ్వాలు మీద. గెయిన్‌ను, అంటే శబ్దాన్ని ఎంత పెంచి రికార్డు చేయాలన్నదాన్ని, ఆటోమేటిక్‌గా సర్దే సెట్టింగు ఆపేయాలి. లేకపోతే గది నిశ్శబ్దమయ్యే కొద్దీ అది గొంతు పెంచుకుంటూ పోయి, ఊరవతల గుడి మైకును మీ మంచం పక్కకు తెస్తుంది. గదిలో మనవల్ల ఏ చప్పుడైనా అయితే వెంటనే పైకి చెప్పాలి: ‘కుర్చీ’, ‘నా దగ్గు’, ‘రోడ్డు మీద ఆటో’. గుసగుసలు పూర్తిగా నిషేధం, మర్నాడు వింటే మీ గుసగుసే మీకు దెయ్యంలా ఉంటుంది.

విన్నాక ఏదైనా మాటలా అనిపిస్తే దాని పేరు ఎవరికీ చెప్పకండి. ఆ పది సెకన్ల ముక్కను, ఏమీ లేని చోట్ల నుంచి తీసిన తొమ్మిది ముక్కలతో కలిపి, సంగతి తెలియని ముగ్గురికి ఇచ్చి విన్నది రాయమనండి. ముగ్గురూ విడివిడిగా అదే ముక్క దగ్గర అదే మాట రాస్తే అది పరిశీలించదగ్గది, అప్పుడు బయటి రికార్డరులో అదే సమయం చూడండి. రాయకపోతే అక్కడ మాట లేదు. నాయిస్ తగ్గించే ఫిల్టర్లు గట్టిగా వేయకండి, హోరును చెక్కి చెక్కి అవే అక్షరాల్లాంటి ధ్వనులు పుట్టిస్తాయి.

మిగతావి త్వరగా చెప్తాను. ఫొటోల్లో తేలే తెల్లటి గుండ్రాలు లెన్సు దగ్గరున్న ధూళి మీద ఫ్లాష్ వెలుగు పడి వచ్చినవి. ఫ్లాష్ ఆపి, స్టాండు మీద తీయండి. సీసీ కెమెరా రాత్రి మోడ్‌లో దోమ, సాలెగూడు ఇదే పని చేస్తాయి. గురిపెట్టి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు గాలి చల్లదనం చెప్పదు, ఎదురుగా ఉన్న గోడ ఉపరితలం వేడిని చెబుతుంది. గాలి కొలవాలంటే నిమిషానికోసారి నమోదు చేసే లాగర్లు కావాలి. ‘ఇక్కడ ఉన్నట్టుండి చల్లగా ఉంది’ అన్న చోట అగరుబత్తి పొగ పట్టుకోండి, గాలి ఏ సందులోంచి వస్తుందో అదే చూపిస్తుంది.

పెంకుటింట్లో రాత్రి చప్పుళ్లకు ఒక ప్రత్యేకమైన పట్టిక ఉండాలి. పగటి వేడికి సాగిన దూలాలూ రేకులూ పొద్దుగూకాక కుంచించుకుంటూ టక్కుమంటాయి. అటక మీద మనిషి నడిచినట్టు బరువైన అడుగులైతే మానుపిల్లిని అనుమానించండి. కీచుమని అరిచి తెల్లగా ఎగిరేది గుడ్లగూబల్లో ఒక జాతి. అటక మీద పిండి చల్లి ఉంచితే పొద్దున్నే అడుగులు కనిపిస్తాయి.

మనుషులకు ఏదో అవుతోందంటే రెండు సంగతులు చూడాలి. మొదటిది కార్బన్ మోనాక్సైడ్. 1921లో అమెరికన్ కంటి వైద్యుడు విలియం విల్మర్ ఒక కుటుంబం గురించి రాశాడు. కొత్తగా చేరిన పాత ఇంట్లో అడుగుల చప్పుళ్లు, ఆకారాలు, పిల్లలు పాలిపోవడం. చివరికి ఇల్లు వెచ్చబరిచే కొలిమి నుంచి విషవాయువు గదుల్లోకి వస్తోందని తేలింది, బాగుచేయించాక అన్నీ ఆగాయి. మన దగ్గర మూసిన గదిలో బొగ్గుల కుంపటి, లోపల పెట్టిన జనరేటరు, బాత్రూము గ్యాస్ గీజరు ఇదే పని చేస్తాయి. బృందంలో ఇద్దరికి ఒకేసారి తలనొప్పి, తూలు వస్తే ముందు బయటికి రండి, కారణం తర్వాత వెతకవచ్చు. రెండోది ఇన్‌ఫ్రాసౌండ్, అంటే చెవికి వినపడనంత తక్కువ పౌనఃపున్యమున్న ధ్వని. 1998లో ఇంగ్లండ్‌లో విక్ టాండీ అనే ఇంజినీరు, తాను పనిచేసిన ప్రయోగశాలలో కలిగిన భయానికీ కంటి అంచున కనిపించిన బూడిదరంగు ఆకారానికీ ఒక ఫ్యాను పుట్టించిన సుమారు 19 హెర్ట్జ్ అల కారణమని రాశాడు. వైస్ అనే ఇనుప పట్టులో బిగించిన కత్తి దానంతటదే వణకడం ఆయనకు దొరికిన ఆధారం. కానీ 2009లో లండన్‌లో అచ్చం ఇలాంటి ధ్వనినీ, విద్యుదయస్కాంత క్షేత్రాలనూ ఒక గదిలో పుట్టించి 79 మందిని పంపితే, చాలామందికి వింత అనుభవాలు కలిగాయి కానీ అవి పరికరం ఆన్‌లో ఉందా లేదా అన్నదానితో ముడిపడలేదు. మాటలకు త్వరగా లోనయ్యే స్వభావమే కారణం కావచ్చని ఆ పరిశోధకులు భావించారు. అందుకే ‘ఇన్‌ఫ్రాసౌండ్ వల్లే’ అని తేల్చేయడం కూడా ‘దెయ్యం వల్లే’ అన్నంత తొందరపాటే.

ఆ 79 మంది ఫలితం వల్లే మీ ప్రణాళికలో ఒక మార్పు తప్పనిసరి: మీ ముగ్గురు స్నేహితులకు కథ చెప్పకూడదు. 1937లో ఇంగ్లండ్‌లో దెయ్యాల ఇల్లుగా పేరుపడ్డ బోర్లీ రెక్టరీని హ్యారీ ప్రైస్ అనే దెయ్యాల పరిశోధకుడు ఏడాది పాటు అద్దెకు తీసుకుని 48 మంది పరిశీలకులను పంపాడు. వాళ్ల చేతికిచ్చిన సూచనల పుస్తకంలో అక్కడ ఏమేం జరగవచ్చో ముందే రాసి ఉంది. ఆ తర్వాత వాళ్లు చూసినదాంట్లో ఎంత వాళ్లదో చెప్పడం కష్టం. మీరు మీవాళ్లకు ఇంటి ప్లాను ఖాళీ కాగితం మీద గీసి ఇచ్చి, అసౌకర్యంగా అనిపించిన చోట గుర్తు పెట్టమనండి. కథ ఇప్పటికే చెప్పేసి ఉంటే వేరే ముగ్గురిని వెతుక్కోండి.

రాత్రికి 40 నిమిషాల కూర్చోవడం, 20 నిమిషాల విరామం. ఇద్దరిద్దరుగా. గడియారాలన్నీ ముందు ఒకే సమయానికి కలపాలి, చిట్టాలో 24 గంటల పద్ధతిలో రాయాలి. ఎవరూ ఒంటరిగా వద్దు. ఇవన్నీ అయ్యాక, చాలామంది వదిలేసే పని: ఇదే బృందంతో, ఇదే పరికరాలతో, ఏ పుకారూ లేని మరో పాత ఇంట్లో ఇంకో రాత్రి. బృందానికి మాత్రం ఏది ఏ ఇల్లో తెలియకూడదు. ఆ ఇంట్లో పద్నాలుగు ‘సంఘటనలు’ నమోదై, అమ్మమ్మగారింట్లో పన్నెండు నమోదైతే, మీ దగ్గర ఉన్నది ఇంటి గురించిన సమాచారం కాదు, రాత్రి మెలకువగా కూర్చున్న మనుషుల గురించిన సమాచారం.

నిజమైన ప్రమాదాలు వేరే ఉన్నాయి. పాత ఇంట్లో నేల మీద పడుకోవద్దు. కట్లపాము రాత్రిపూట ఇళ్లలోకి వచ్చి నిద్రపోయేవాళ్లను కాటేస్తుంది. నొప్పి, వాపు అంతగా ఉండవు, కాటు పడిందనే తెలియకపోవచ్చు. కొన్ని గంటల్లో కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, ఊపిరి ఆడకపోవడం. దీన్ని గాలి సోకిందనుకుని మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్తే ప్రాణం పోతుంది. మంచం, నాలుగు వైపులా పరుపు కిందికి దోపిన దోమతెర, బూట్లు, టార్చి. అనుమానం వస్తే వెంటనే 108. గబ్బిలాల రెట్ట ఉన్న గదిలో ఎన్95 మాస్కు లేకుండా ఊడవకండి. మూత లేని బావిని పగలే చూసి చుట్టూ తాడు కట్టి ఉంచండి.

మీ సొంతవాళ్ల ఇల్లు కాకపోతే యజమాని రాతపూర్వక అనుమతి కావాలి. పాడుబడ్డ భవంతికైనా యజమాని ఉంటాడు, అనుమతి లేకుండా దూరితే భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ కింద అక్రమ ప్రవేశం అయ్యే వీలుంది. రాజస్థాన్‌లోని భాన్‌గఢ్‌లో పురావస్తు శాఖ సూర్యాస్తమయం తర్వాత ప్రవేశం లేదని బోర్డు పెట్టిందని దెయ్యాలకు రుజువుగా చెబుతుంటారు. ఆ శాఖ కింద ఉన్న కట్టడాలు మామూలుగా పొద్దున నుంచి సాయంత్రం దాకానే తెరుస్తారు.

ఇంకొకటి బతిమాలి చెబుతున్నాను. పరిశోధన తర్వాత ఊళ్లో ఎవరి పేరూ చెప్పకండి, పోయినవాళ్లదైనా సరే, బతికున్నవాళ్లదైతే అసలే వద్దు. చేతబడి, బాణామతి అనుమానంతో మన రెండు రాష్ట్రాల్లోనూ మనుషులను చంపిన ఘటనలున్నాయి. ‘ఆ మూలలో ఏదో ఉంది’ అని మీరు సరదాగా అన్న మాట, ఆ మూల ఇంట్లో ఒంటరిగా ఉండే ముసలావిడ మెడకు చుట్టుకోవచ్చు. వీడియో పెట్టినా ఊరి పేరు, ఇంటి ముఖం కనపడనివ్వకండి. డబ్బు తీసుకోకండి. ఇంట్లో ఎవరైనా వారాల తరబడి భయంతో నిద్రపోలేకపోతుంటే పరికరాలు పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఫోన్లో మాట్లాడాలంటే టెలీ-మానస్ 14416 ఉంది, తెలుగులోనూ మాట్లాడతారు.

అన్నీ అయ్యాక కవరు తెరవండి. రిపోర్టులో మూడు భాగాలు: కారణం దొరికినవి, కారణం ఊహించగలిగినా పరీక్షించలేనివి, దొరకనివి. మూడో భాగం కింద ‘వివరణ దొరకలేదు’ అని మాత్రమే రాయండి, దాని పక్కన ‘కాబట్టి’ అనే మాట వద్దు. రెండు కాపీలు తీసి, ఒకటి అమ్మమ్మగారికి కూర్చుని చదివి వినిపించండి. ఆవిడ ‘అలా కాదురా’ అన్న ప్రతి చోటా, ఆవిడ సవరణను ఆవిడ మాటల్లోనే తేదీతో సహా చివరి పేజీలో చేర్చండి.